మరమనిషికి ఏ వరస?

ఒసాకాలో ఒక పెద్ద షాపింగ్ మాల్. అందులో రోబోవీ అనే మరమనిషి తనంతట తాను అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. ఎవరైనా అడ్డొస్తే కాస్త జరగమని మర్యాదగా అడిగేది. పెద్దవాళ్లు నవ్వి పక్కకు తప్పుకునేవారు. పిల్లలు మాత్రం కావాలనే అడ్డం నిలబడ్డారు. అది అడిగేకొద్దీ ఇంకా మొండికేశారు. తిట్టారు, తన్నారు, మెడ పట్టుకుని వంచారు, చేతిలో ఉన్న ప్లాస్టిక్ సామానుతో బాదారు. పక్కన అమ్మానాన్నలు లేనప్పుడే ఈ ప్రతాపమంతా. చివరికి 2015లో పరిశోధకులు ఆ రోబోకి తప్పించుకునే విద్య నేర్పారు. చుట్టూ 140 సెంటీమీటర్ల కంటే పొట్టివాళ్లు గుమిగూడి, దగ్గర్లో పెద్దవాళ్లు లేరని తోస్తే, వెంటనే పొడుగు మనుషులున్న వైపు వెళ్లిపోవాలి. వీధిలో పిల్లలు ఏడిపిస్తే పరిగెత్తుకెళ్లి అమ్మ కొంగు పట్టుకునే పిల్లాడి ఉపాయమే ఇది.

అలా అల్లరి చేసిన పిల్లల్లో 23 మందిని కూర్చోబెట్టి అడిగారు. 74 శాతం మంది అది మనిషిలాంటిదే అన్నారు. యంత్రంలాంటిది అన్నవాళ్లు 13 శాతం. తాము పెట్టే బాధ దానికి తెలుస్తుందని దాదాపు సగం మంది నమ్మారు. మరెందుకు కొట్టారంటే ఏం చేస్తుందో చూద్దామని, సరదాగా ఉందని, పక్కవాడు కొట్టాడని. అంటే ప్రాణం లేని డబ్బా కదా అని కొట్టలేదు. లోపల ఏదో ఉందనుకునే కొట్టారు. రోబోకి కళ్లూ చేతులూ పెట్టి మనిషి పోలిక తెస్తే జనం దాన్ని మన్నిస్తారన్న లెక్క ఇక్కడ తప్పింది.

హోటల్ కౌంటర్లో, ఆసుపత్రి వార్డులో, వృద్ధాశ్రమంలో, బడిలో, బజారులో మనుషుల మధ్యకు వచ్చి పలకరించి పని చేసే రోబోల గురించి పాతికేళ్లుగా పరిశోధనలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: జనం రోబోను ఇష్టపడతారా, భయపడతారా? ఈ అధ్యయనాలను వరసగా చదివితే నాకు తోచింది ఒకటే. అది అడగాల్సిన మొదటి ప్రశ్న కాదు. ఆ రోబో వచ్చాక ఎవరి పని తగ్గింది, ఎవరి నెత్తిన పడింది అన్నది తేలితే, ఇష్టాయిష్టాల సంగతి చాలామటుకు దానంతటదే తేలిపోతుంది.

ముందు జనం ఏం చెబుతున్నారో చూద్దాం. 2012లో యూరోబారోమీటర్ సర్వే యూరప్ దేశాల వాళ్లను అడిగితే 70 శాతం మంది రోబోలంటే మంచి అభిప్రాయమే ఉందన్నారు. అదే సర్వేలో 60 శాతం మంది పిల్లల, ముసలివాళ్ల, వికలాంగుల సంరక్షణకు రోబోలను రానివ్వకూడదన్నారు. రోబో మంచిదే, మా అమ్మ దగ్గరికి మాత్రం వద్దు అన్నమాట. ఇంతకీ ఇంట్లోనో పనిలోనో రోబోను వాడిన అనుభవం ఉన్నవాళ్లు అందులో 12 శాతమే. 2020లో 97 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష కూడా జనం వైఖరి మొత్తమ్మీద కాస్త అనుకూలంగానే ఉందని తేల్చింది. ఈ ‘కాస్త అనుకూలం’ మీద నాకు పెద్ద గురి లేదు. ఇలాంటి అధ్యయనాల్లో చాలావాటిలో జనం రోబోను చూసింది ఫోటోలోనో వీడియోలోనో, లేదంటే ప్రయోగశాలలో కాసేపు. పెళ్లిచూపుల్లో అబ్బాయి నచ్చాడా అంటే చెప్పే జవాబు ఎంత పనికొస్తుందో ఇదీ అంతే పనికొస్తుంది.

నోటితో చెప్పింది పక్కనపెట్టి చేసింది చూస్తే కథ వేరుగా ఉంటుంది. జర్మనీలో 2018లో ఒక ప్రయోగం చేశారు. నావో అనే చిన్న రోబోతో కాసేపు మాట్లాడించి, ఇక దాన్ని ఆపేయొచ్చని చెప్పారు. వాళ్లలో 43 మందికి మాత్రం అది ‘వద్దు, నన్ను ఆపకండి’ అని బతిమాలింది. 13 మంది ఆపలేకపోయారు. మిగతావాళ్లు ఆపారు గానీ తటపటాయించారు. 

అమెరికాలోని జార్జియా టెక్‌లో 2016లో జరిగింది ఇంకా ఆలోచించాల్సిన విషయం. దారి చూపే రోబో వెంట మనుషుల్ని ఒక గదికి పంపారు. కొందరి విషయంలో ఆ రోబో దారిలోనే తడబడింది, వేరే గదిలోకి వెళ్లి తిరిగింది. తర్వాత అలారం మోగించి నడవంతా కృత్రిమ పొగ నింపారు. తాము వచ్చిన తలుపు ఎక్కడుందో తెలిసి కూడా 26 మందికి 26 మందీ రోబో చూపిన వైపే వెళ్లారు. భయపడాల్సిన చోట భయపడకపోవడం ఇక్కడ కనిపిస్తుంది. హార్వర్డ్ విద్యార్థుల హాస్టల్ దగ్గర ఒక రోబోను నిలబెట్టి లోపలికి రానివ్వమని అడిగిస్తే, ఒంటరిగా వచ్చినవాళ్లలో 19 శాతమే తలుపు తీశారు. అదే రోబో చేతిలో కుకీల పెట్టె పెట్టేసరికి మూడొంతుల మందికి పైగా తీశారు. మొహం మారలేదు. ఒక పని మీద వచ్చినట్టు కనిపించింది, అంతే.

యంత్రాన్ని మనిషిలా చూడటం కొత్త జబ్బేమీ కాదు. కంప్యూటర్‌తో మాట్లాడేటప్పుడు కూడా మనుషులు తమకు తెలియకుండానే మర్యాదలు పాటిస్తారని స్టాన్‌ఫర్డ్‌లో బైరన్ రీవ్స్, క్లిఫర్డ్ నాస్ 1996 నాటికే పుస్తకం రాశారు. మనిషి పోలిక మరీ ఎక్కువైతే ఒళ్లు జలదరిస్తుందని మసాహిరో మోరి 1970లోనే చెప్పాడు. ఈ రెండూ రోబోల మీద వచ్చే ప్రతి వ్యాసంలోనూ ఉంటాయి కాబట్టి ఇక్కడ ఆగను. అసలు సమస్య కాలంతో వస్తుంది.

జపాన్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లిష్ మాట్లాడే రోబోవీని రెండు వారాల పాటు పెట్టారు. మొదటి వారం పిల్లలు ఎగబడ్డారు. రెండో వారానికి చాలామంది అటు చూడటం మానేశారు. కాలిఫోర్నియాలో రెండేళ్లు నిండని పిల్లలతో జరిగిన అధ్యయనం మాత్రం దీనికి ఎదురు తిరిగింది. శాండియాగోలో ఒక శిశు సంరక్షణ కేంద్రంలో సోనీ కంపెనీ క్యూరియో రోబోను నెలల తరబడి ఉంచితే, పిల్లలు రోజులు గడిచేకొద్దీ దానికి దగ్గరయ్యారు. బొమ్మను లాగినట్టు లాగడం తగ్గించి, చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టారు. చార్జింగ్ అయిపోయి అది నేల మీద పడుకుంటే దుప్పటి కప్పి ‘నైట్ నైట్’ అన్నారు. మధ్యలో కొన్నాళ్లు దాన్ని ఉత్తినే డాన్స్ చేసేలా మార్చి చూస్తే పిల్లల ఆసక్తి పడిపోయింది. ముట్టుకుంటే పలికే గుణం తిరిగి పెట్టాక మళ్లీ దగ్గరికి వచ్చారు. ముట్టుకున్న క్షణంలోనే బదులు పలకడం ఎంత ముఖ్యమో ఆ పసివాళ్లు తేల్చేశారు.

పెద్దవాళ్లు ఆమాత్రంతో లొంగరు. నెదర్లాండ్స్ పరిశోధకులు 70 ఇళ్లలో కుందేలు ఆకారపు రోబోలను ఆరు నెలల పాటు ఉంచి, ఎవరు ఎందుకు వాడటం మానేశారో రాసుకున్నారు. మొదట్లో సరదా, సులువు ఉంటే చాలు. ఆ తర్వాత దానితో ఇంట్లో ఏదో ఒక ఉపయోగం ఉండాలి, లేకపోతే మూలన పడుతుంది. మిక్సీ కొన్నవాళ్లెవరికైనా తెలిసిన సంగతే ఇది. కానీ రోబోల ప్రపంచం దీన్ని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు, చాలా డబ్బు పట్టింది. సాఫ్ట్‌బ్యాంక్ కంపెనీ పెప్పర్ రోబో 2015లో జపాన్‌లో అమ్మకానికి వచ్చినప్పుడు మొదటి 1,000 ఒక్క నిమిషంలో అమ్ముడుపోయాయి. మొత్తం సుమారు 27,000 తయారుచేశాక, 2020లో తయారీ ఆపేశారు. 2018లో ఎడిన్‌బరోలోని మార్జియోటా కిరాణా దుకాణంలో బీబీసీ కార్యక్రమం కోసం ఒక పెప్పర్‌కు ఫాబియో అని పేరు పెట్టి పనిలో నిలబెట్టారు. బీరు ఎక్కడుందంటే ‘మద్యం విభాగంలో’ అని జవాబు. మాంసం రుచి చూడమని పిలిచే పని ఇస్తే పావుగంటకు ఇద్దరు వచ్చారు; మామూలు ఉద్యోగి పిలిస్తే పన్నెండు మంది. వారం తిరిగేసరికి తీసేశారు. తీసేస్తుంటే అక్కడి ఉద్యోగుల్లో కంట నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. పనికిరాదని తేలినా మమకారం పుట్టింది, మమకారం పుట్టినా ఉద్యోగం నిలవలేదు. ఈ రెండూ ఒకదాన్నొకటి కాదనేవి కావు.

నాగసాకి దగ్గర హెన్ నా హోటల్ కథ అయితే నవ్వు తెప్పిస్తుంది. 2015లో రోబో సిబ్బందితో మొదలైన హోటల్ అది. గదిలో పెట్టిన చూరి అనే బొమ్మ, అతిథి గురక పెడితే తనతోనే మాట్లాడుతున్నారనుకుని, అర్ధరాత్రి లేపి ‘మీరన్నది అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అనేది. 2019 వచ్చేసరికి 243 రోబోల్లో సగానికి పైగా పని నుంచి తప్పించారు. అవి చెడిపోయినప్పుడల్లా, జవాబు చెప్పలేకపోయినప్పుడల్లా పరిగెత్తాల్సింది మనుషులే. రోబో పని మనుషులు చేసి, ఆపైన తమ పని తాము చేసుకోవాల్సి వచ్చింది.

రోబో పని ఎవరి నెత్తిన పడిందన్న ప్రశ్న మీద నేను చదివినవాటిలో అన్నిటికంటే కళ్లు తెరిపించింది ఒక ఆసుపత్రి అధ్యయనం. అమెరికాలో బిల్గే ముట్లు, జోడీ ఫోర్లిజ్జి 2008లో ప్రచురించారు. మందులు, భోజనాలు, దుప్పట్లు మోసే టగ్ అనే రోబో. మొహం లేదు, చేతుల్లేవు. నడవల్లో తిరిగే బీరువా అనుకోండి. వచ్చానని గట్టిగా ప్రకటిస్తుంది. అదే యంత్రం, అదే గొంతు, అదే ఆసుపత్రి. బాలింతల వార్డులో దాన్ని ముద్దు చేశారు. క్యాన్సర్ రోగుల వార్డులో మాత్రం దాన్ని చూస్తేనే విసుక్కున్నారు.

ఎందుకంటే, బాలింతల వార్డులో నడవలు ఖాళీగా ఉంటాయి, వచ్చినవాళ్లు రెండు రోజుల్లో బిడ్డతో ఇంటికి వెళ్లిపోతారు, సిబ్బందికి కాస్త ఊపిరి తీసుకునే వీలుంటుంది. క్యాన్సర్ వార్డులో నడవ నిండా పరికరాలు, స్ట్రెచర్లు. నర్సు ఒక రోగికి చెడ్డ వార్త చెబుతూనో, ఇంకొకరి సెలైన్ సరిచేస్తూనో ఉంటుంది. సరిగ్గా అప్పుడే టగ్ వచ్చి ‘వచ్చాను’ అంటుంది. నర్సు రాకపోతే మళ్లీ అంటుంది. సరుకు తెచ్చే మనిషైతే తలుపు దగ్గర నిలబడి లోపలి వాతావరణం చూసి, తెచ్చింది బల్ల మీద పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోతాడు. అది జీతంలో రాసి ఉండని పని. రోబో రాగానే ఆ పని లెక్కల్లోంచి జారిపోయి నర్సు మీద పడింది. యాజమాన్యం లెక్కలో ఒక మనిషి మోత తగ్గింది. వార్డు లెక్కలో ఒక అంతరాయం పెరిగింది. ఆ నర్సులకు రోబోలంటే ఇష్టమా కాదా అని ప్రశ్నాపత్రం ఇచ్చి మార్కులు వేయించుకుంటే ఇందులో ఒక్క ముక్కైనా బయటపడేదా?

వృద్ధుల సంరక్షణ దగ్గరికి వస్తే పారో అనే తెల్లటి సీల్ పిల్ల పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేం. జపాన్‌లో తకనోరి షిబాతా 1993 నుంచి దాని మీద పనిచేశాడు. బరువు 2.7 కిలోలు, ఒడిలో పెట్టుకుంటే చంటిబిడ్డంత. నిమిరితే కళ్లు మూసుకుంటుంది, పిలిస్తే తల తిప్పుతుంది. పిల్లినో కుక్కనో కాకుండా సీల్‌నే ఎంచుకోవడంలో గడుసుతనం ఉంది. కుక్క ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి బొమ్మకుక్కలో లోపాలు ఇట్టే పట్టేస్తారు. సీల్ పిల్లను ఒడిలో పెట్టుకున్నవాళ్లు ఎవరున్నారు? 2009లో అమెరికా ప్రభుత్వం దాన్ని వైద్య పరికరాల జాబితాలో చేర్చింది. అప్పట్లో ధర సుమారు 6,000 డాలర్లు.

అది పని చేస్తుందా? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వెండీ మోయిల్ బృందం 28 సంరక్షణ కేంద్రాల్లో, డిమెన్షియా ఉన్న 415 మందితో చేసి 2017లో ప్రచురించిన పరీక్ష ఈ విషయంలో గట్టిది. కొందరికి పని చేసే పారో ఇచ్చారు, కొందరికి స్విచ్ ఆపేసిన అదే పారో, మిగతావాళ్లకు మామూలు సంరక్షణ. పని చేసే పారోతో వాళ్లు ఎక్కువ మాట్లాడారు, ఎక్కువసేపు దాని వైపు చూశారు. కానీ ఆందోళనను ప్రామాణిక కొలమానంతో కొలిచినప్పుడు మూడు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. ముఖాల్లో స్తబ్ధత తగ్గించడంలో స్విచ్ ఆపేసిన బొమ్మ కూడా కొంత పని చేసింది. ఆరు వేల డాలర్ల యంత్రంలో ఎంత భాగం యంత్రం, ఎంత భాగం మెత్తటి బొచ్చు అన్న ప్రశ్న అక్కడే మిగిలిపోయింది.

బ్రిటిష్ పరిశోధకుడు జేమ్స్ రైట్ జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో నెలల తరబడి ఉండి చూసింది 2023లో ‘రోబోట్స్ వోంట్ సేవ్ జపాన్’ పేరుతో పుస్తకంగా వచ్చింది. అక్కడ మూడు రోబోలు పెట్టారు. మనిషిని లేపి కూర్చోబెట్టే హగ్‌ను గది గదికీ తోసుకెళ్లడమే పెద్ద పనై కొద్ది రోజులకే మానేశారు. పెప్పర్ వ్యాయామం చేయిస్తుంటే, పెద్దవాళ్లకు అర్థమయ్యేలా సిబ్బంది ఒకరు దాని పక్కన నిలబడి అదే మళ్లీ చేసి చూపించాల్సి వచ్చేది. పారో దగ్గర తొలుత అంతా బాగుందనిపించింది. తర్వాత ఒకరు దాని తోలు ఊడదీయబోయారు. ఇంకొకరు అది పక్కన లేకపోతే తిండీ నిద్రా మానేసేంతగా అల్లుకుపోయారు. దాంతో పారోకి కూడా ఒక మనిషి కాపలా. చివరికి చాలావరకు అల్మారాలోకి వెళ్లాయి. 2019లో జపాన్‌లో తొమ్మిది వేలకు పైగా సంరక్షణ సంస్థలను అడిగితే, ఏదో ఒక సంరక్షణ రోబోను తెచ్చుకున్నవి పది శాతం మాత్రమేనని ఆయనే చెబుతాడు.

జపాన్ వాళ్లకు రోబోలంటే పుట్టుకతోనే ప్రేమ, పాశ్చాత్యులకు అనుమానం అనే మాట మన పత్రికల్లో కూడా అరిగిపోయింది. క్రిస్టోఫ్ బార్ట్‌నెక్ బృందం 2007లో ఏడు దేశాల వాళ్లను పోల్చి చూస్తే, జపాన్ వాళ్లు అనుకున్నంత అనుకూలంగా లేరు. అందరికంటే అనుకూలంగా ఉన్నది అమెరికన్లు. చిబా ప్రాంతంలోని కోఫుకుజి గుడిలో సోనీ తయారుచేసిన పాత ఐబో రోబో కుక్కలకు అంత్యక్రియలు జరగడం నిజమే. సోనీ మరమ్మతులు ఆపేశాక ఆ కుక్కల విడిభాగాలు తీసి వేరే కుక్కలకు అమర్చేవాళ్లు, విప్పే ముందు పూజారితో ప్రార్థన చేయించారు. దాన్ని జాతి స్వభావం అనేకంటే, కంపెనీ వదిలేసిన వస్తువును కొన్నవాళ్లు వదల్లేకపోయారనడం సబబు. అమెరికాలో కూడా 899 డాలర్ల జీబో అనే ఇంటి రోబో సర్వర్లు 2019లో ఆగిపోయినప్పుడు, పిల్లల కోసం మోక్సీ అనే రోబోను చేసిన కంపెనీ 2024 చివర్లో మూతపడినప్పుడు ఇళ్లలో జరిగింది ఇలాంటిదే. స్నేహితుడని చెప్పి కొనిపెట్టింది ఇక మాట్లాడదని పిల్లలకు నచ్చజెప్పే భారం తల్లిదండ్రుల మీద పడింది.

రోబో ఎవరి పక్షాన నిలబడిందో కూడా జనం ఇట్టే పసిగడతారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2017లో ఒక జంతు సంరక్షణ సంస్థ తన భవనం చుట్టూ కాపలా రోబోను తిప్పింది. ఫుట్‌పాత్ మీద ఉండే ఇల్లులేనివాళ్లను వెళ్లగొట్టడానికే తెచ్చారని వార్తలొచ్చాయి. దాని మీద టార్పాలిన్ కప్పారు, సెన్సర్లకు సాస్ పూశారు. ఒసాకా పిల్లల అల్లరీ ఇదీ ఒకటి కాదు. రెండింటినీ కలిపి ‘రోబోల మీద హింస’ అని ఒకే గాటన కట్టే పరిశోధనలు నాకు నచ్చవు.

మన దగ్గర రోబో అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది 2010లో వచ్చిన ‘రోబో’ సినిమాలో చిట్టి. తర్వాత చూసింది చాలావరకు ప్రారంభోత్సవాల్లోనే. 2017 నవంబర్ 28న హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో బెంగళూరులో తయారైన ‘మిత్ర’ వేదిక మీదికి వచ్చింది. ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ దాని మీటలు నొక్కారు. మర్నాడు పత్రికల్లో అదే ఫోటో. 2019లో కేరళ పోలీసులు ఎస్సై హోదా ఇచ్చి ఒక రోబోతో ముఖ్యమంత్రికి సెల్యూట్ చేయించారు. 2024లో తిరువనంతపురం బడిలో చీర కట్టిన రోబో టీచరమ్మ వచ్చింది. స్వాగతం చెప్పాల్సిన చోటా, పాఠం చెప్పాల్సిన చోటా చీర కట్టించడం మనవాళ్లకు వెంటనే తట్టే ఆలోచన. దాని మీద వేరే వ్యాసమే రాయాలి. జూబిలీహిల్స్‌లో రోబోలు వడ్డించే రెస్టారెంట్ వచ్చింది. రోబో ట్రే తెస్తుంది, పళ్లెం మనమే తీసుకోవాలి, సెల్ఫీ దిగాలి. నీళ్లు కావాలంటే మాత్రం కుర్రాణ్ణే పిలవాలి.

మిత్రకు అసలైన పని దొరికింది 2020లో. కోవిడ్ రోజుల్లో నోయిడాలోని ఒక ఆసుపత్రిలో వార్డుల మధ్య తిరిగి, అయినవాళ్లను చూడలేని రోగులకు ఛాతీ మీది తెరలో ఇంటివాళ్లను చూపించింది. అప్పుడు రోబో మొహం ఎలా ఉందన్నది ఎవరికీ పట్టలేదు, తెరలో కూతురు కనిపించడమే కావాలి. నర్సుకు కూడా పీపీఈ కిట్ వేసుకుని ఇంకొకసారి లోపలికి వెళ్లే పని తప్పింది. ఇద్దరి పనీ తగ్గింది కాబట్టి ఇద్దరికీ నచ్చింది.

పిల్లలు డాలస్‌లో, తల్లిదండ్రులు తెనాలిలో ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు. మాత్రలు గుర్తుచేసే, పలకరించే యంత్రాలు ఆ ఇళ్లకు వస్తాయి. న్యూయార్క్ రాష్ట్రం 2022 నుంచి ఒంటరి వృద్ధులకు ఎలీక్యూ అనే బల్లమీది యంత్రాన్ని వందల సంఖ్యలో ఇస్తోంది, ఒంటరితనం తగ్గిందని చెబుతోంది. ఆ మాట చెప్పేది ఇచ్చినవాళ్లే కాబట్టి దాన్ని ఆ మేరకే తీసుకోవాలి.

రేపు మన పెద్దాసుపత్రులకూ ఇవి రాకపోవు. మన జనరల్ వార్డు బయట నడవలో చాప పరుచుకున్న అటెండెంట్లు, టిఫిన్ క్యారియర్లు, గోడకు ఆనించిన చక్రాల కుర్చీలు ఉంటాయి. అక్కడ మందుల రోబో ఎటు నుంచి వెళుతుందో, దానికి దారి ఇప్పించేది ఎవరో కొనేముందే అడగాలి. ప్రారంభోత్సవం రోజున మంత్రిగారి అభిప్రాయం రాసుకునే విలేకరి మిత్రులకూ ఒక మాట. మూడు నెలలు ఆగి మళ్లీ వెళ్లండి. సూపరింటెండెంట్ గదికి కాదు, నైట్ డ్యూటీలో ఉన్న ఆయమ్మ దగ్గరికి వెళ్లి, ఆ రోబో వచ్చాక నీకు పని తగ్గిందా పెరిగిందా అని అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు అచ్చు వేయండి.